మంగ్లీన్ బాయి కోడిపెట్ట

పొద్దున్నే టీ పెట్టుకోకముందే అప్పలనర్సమ్మ పెరట్లోకి వెళ్ళి కోళ్ళ గంప ఎత్తుతుంది. ముందు పుంజు బయటికొచ్చి ఒళ్ళు దులుపుకుంటుంది. దాని వెనక పెట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. వాటికి గుప్పెళ్ళతో నూకలు చల్లి, నీళ్ళ చిప్ప కడిగి నింపి, చీపురు అందుకుని పెరడంతా ఊడుస్తుంది. బట్టలుతికే బండ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదిస్తుంది. బండ మీద కూర్చున్న మనిషి కాళ్ళు పైకి తీసుకోదు. అందుకని ఆ పాదాల చుట్టూ ఊడ్చి, "ఏటమ్మా, బాగా సలేసిందా" అని పలకరించి ముందుకు పోతుంది. ఆ మనిషి జవాబు చెప్పదు. ఆమె చనిపోయి అప్పటికి వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇది కొత్త సంగతి కాదు. రైలు కింద పడినవాళ్ళు ఆఖరి క్షణంలో తలెత్తి ఇంజిన్‌లో ఎవరి కళ్ళలోకి చూస్తారో వాళ్ళ వెంట ఇంటికి వచ్చేస్తారు. లోకో పైలట్ల క్వార్టర్లలో ఏ మెట్ల కిందో, ఏ జామచెట్టు నీడనో ఇలాంటివాళ్ళు ఒకరు కనబడుతూనే ఉంటారు. పాలవాడు వాళ్ళని తప్పుకుని నడుస్తాడు. పండగలకి సున్నాలు వేసే కూలీలు వాళ్ళు కూర్చున్న మేర గోడ వదిలేసి వెయ్యడం మామూలే. అప్పలనర్సమ్మ భర్త త్రినాథరావు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక పంచెకట్టు ముసలాయన ఆయన వెంట తిరిగాడు. రిటైరైన రోజున ఆ ముసలాయన స్టేషన్లోని డ్రైవర్ల లాబీ దాకా వచ్చి, డ్యూటీకెక్కేవాళ్ళు సంతకాలు పెట్టే బల్ల పక్కనే ఆగిపోయాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆయన ఊరేదో, పేరేదో త్రినాథరావు ఎప్పుడూ కనుక్కోలేదు. వాళ్ళ వైపు చూడకపోతే వాళ్ళే అలిసిపోతారని ఆయన నమ్మకం.

బండ మీది మనిషి మాత్రం కూతురు జ్యోతిర్మయి వెంట వచ్చింది.

తండ్రి ఎక్కిన ఇంజిన్లే తనూ ఎక్కాలని పట్టుబట్టి, పరీక్షలు రాసి, అసిస్టెంట్ లోకో పైలట్ అయిన పిల్ల. ఆడపిల్లకి ఆ ఉద్యోగమేమిటని లాబీలో నవ్వినవాళ్ళ నోళ్ళు రెండేళ్ళలో మూయించింది. ఆ రోజు కట్నీ వైపు నుంచి ఖాళీ బొగ్గు బండి తెస్తున్నారు. నడుపుతున్నది రమణమూర్తి. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. మలుపు తిరగ్గానే, నెత్తిన బుట్టతో ఒకామె పట్టాలు దాటుతోంది. సంతకి కోళ్ళు తీసుకెళ్తున్నట్టుంది. బుట్టలోంచి ఒక కోడి జారి పట్టాల మధ్య పడింది. ఆమె దానికోసం వంగింది. జ్యోతిర్మయి "మనిషి" అని అరిచి హారన్ మీద చెయ్యి వేసి, ఇక తియ్యలేదు. రమణమూర్తి బ్రేకు వేశాడు. గూడ్సు బండి అంత దగ్గర్లో ఆగదు. ఆమె కోడిని అందుకుని తల ఎత్తింది. రమణమూర్తి వైపు కాకుండా, జ్యోతిర్మయి ఉన్న కిటికీ వైపు చూసింది.

శవాన్ని బిలాస్‌పూర్ చేర్చారు, అక్కడ ఎవరూ గుర్తుపట్టలేదు. కొన్నాళ్ళు చూసి, పోలీసులే పూడ్చేశారు. జ్యోతిర్మయి ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రమే పెరట్లో బండ మీద ఆకుపచ్చ చీరతో ఆమె కూర్చుని ఉంది. మొహం కోళ్ళ వైపు తిప్పుకుని ఉంది. అప్పటినుంచీ మళ్ళీ జ్యోతిర్మయిని చూడలేదు.

జ్యోతిర్మయి సెలవు పెట్టింది. సెలవు పొడిగించింది. మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఉండేది. తల్లి కంచం తెస్తే నాలుగు ముద్దలు తిని తోసేసేది. పెరటి తలుపు తెరిచి ఉంటే లేచి మూసేసేది. డాక్టర్లు చూశారు. చివరికి ఆఫీసువాళ్ళు, తిరిగి ఇంజిన్ ఎక్కుతావా, లేకపోతే ఆఫీసులో కూర్చునే పనికి మారిపోతావా, హోలీ తర్వాత మెడికల్ బోర్డు ముందుకొచ్చి తేల్చి చెప్పమన్నారు. ఒకసారి మారితే మళ్ళీ ఇంజిన్ ఎక్కడమనేది ఉండదు. తల్లి మారిపొమ్మంది. తండ్రి మాత్రం ఇస్త్రీ చేసిన ఆమె యూనిఫాం బీరువాలోంచి తీసి, కాసేపు చేత్తో పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టాడు.

ఆ కోళ్ళలో బూడిదరంగు పెట్ట ఒకటుండేది. బుధ్‌వారీ బజార్లో కొన్న వాటిలో అది చిన్నది, మెతకది. మిగతా కోళ్ళు బండ చుట్టూ తిరుగుతాయే తప్ప బండ ఎక్కవు. ఇది మాత్రం ఒక మధ్యాహ్నం ఎగిరి బండ మీది మనిషి ఒళ్ళో కూర్చుంది. ఆమె చెయ్యి దాని వీపు మీద పెట్టింది. పొద్దు వాలేదాకా అది అక్కణ్ణుంచి కదల్లేదు. మర్నాడూ అంతే. అప్పలనర్సమ్మ చూసి, పోనీలే, ఇద్దరికీ తోడు, అనుకుంది.

కానీ మిగతా కోళ్ళు అలా అనుకోలేదు. చనిపోయినవాళ్ళ ఒళ్ళో చల్లదనం దాని ఈకలకి పట్టుకుందేమో, అది గంప దగ్గరికి రాగానే అవి మెడలు సాచి చూసేవి. నూకల దగ్గరికొస్తే తరిమేవి. ఒక రోజు అప్పలనర్సమ్మ కూరగాయలకి వెళ్ళిన వేళ, ఒక పెట్ట దాని నెత్తి మీద పొడిచింది. నెత్తురు చిందింది. ఎరుపు కనబడేసరికి అన్నీ మీదపడ్డాయి.

లోపల పడుకున్న జ్యోతిర్మయికి మొదట రెక్కల చప్పుడు వినిపించింది. తరవాత ఆ పెట్ట అరుపు. ఆ అరుపుకి ఆమె మంచం దిగింది. అన్ని నెలలుగా తను దాటని ఆ తలుపు గడియ తీసి పెరట్లోకి పరుగెత్తింది. నీళ్ళ పంపు మూలకి దాన్ని తరిమి, చుట్టూ మూగి పొడుస్తున్నాయి. అది తల గోడకి దాచుకుని ఉంది, వీపంతా వాటికి వదిలేసి. జ్యోతిర్మయి కాళ్ళతో తోసి, చేతులతో విదిలించి, వాటి మధ్యలోంచి దాన్ని లాగి గుండెకి హత్తుకుంది. నెత్తి మీద చర్మం ఊడి వేలాడుతోంది. మెడ వెనక ఈకలు లేవు. తోక దగ్గర మాంసం కనబడుతోంది. ఒక కన్ను మూసుకుపోయింది. పెట్ట గుండె ఆమె అరచేతిలో దడదడ కొట్టుకుంటోంది.

అప్పుడు చూసింది, బండ మీది మనిషి లేచి నిలబడి ఉండడం. అన్నాళ్ళలో ఆమె లేవడం అదే మొదలు. జ్యోతిర్మయి పెట్టని పట్టుకుని లోపలికి పోయింది.

సంచీ దించి సంగతి చూసిన అప్పలనర్సమ్మ, ఇది బతికే బాపతు కాదని తేల్చేసింది. కోసేస్తే దానికి బాధ తప్పుతుందని కూడా అంది.

"కొయ్యకు. నేను చూసుకుంటా" అంది జ్యోతిర్మయి. ఎన్నో రోజుల తరవాత ఆ నోట్లోంచి వచ్చిన పూర్తి మాట అది. తల్లి నీళ్ళు కాచడానికి వెళ్ళింది.

గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచి గాయాలు కడిగారు. ఊడిన చర్మాన్ని జ్యోతిర్మయి వేలితో మెల్లగా దాని చోటికి జరిపింది. పసుపూ కొబ్బరినూనే కలిపి రాశారు. పశువుల ఆస్పత్రిలో ఊదారంగు మందు ఇచ్చారు. గాయం ఎర్రగా కనబడకుండా అది పుయ్యమన్నారు. అట్టపెట్టెలో గోనెపట్టా పరిచి పెట్టని అందులో పడుకోబెట్టి, వంటింట్లో వెచ్చగా ఉండేచోట పెట్టారు. జ్యోతిర్మయి దాని పక్కనే చాప వేసుకుంది. చెంచాతో నీళ్ళు పోసి ముక్కు చివర తడిపేది. మింగలేదు. గంజి పోస్తే పక్కల నుంచి కారిపోయింది. మర్నాటికి మెడ వాల్చేసింది.

త్రినాథరావు వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"దాన్ని బండ దగ్గరికి తీసుకెల్లమ్మా. అది అలవాటైన చోటది" అన్నాడు. అనకూడని మాట అన్నట్టు వెంటనే వీధి వైపు వెళ్ళిపోయాడు.

జ్యోతిర్మయి ఆ పూటంతా ఆలోచించింది. ఎండ పెరట్లోకి వచ్చాక, పెట్టెని రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి బండ పక్కన పెట్టి, కాస్త ఎడంగా పీట వేసుకుని కూర్చుంది. కళ్ళు నేల మీదే ఉంచింది. కాసేపటికి ఆకుపచ్చ చీర అంచు కదిలింది. ఆమె వంగి పెట్టని ఒళ్ళోకి తీసుకుంది. చెంచా కోసం చెయ్యి చాపింది. జ్యోతిర్మయి అందించింది. పెట్ట గుటక వేసింది.

ఆ రోజు నుంచి అదే పని. పొద్దున గాయం కడగడం, మందు రాయడం, ఎండెక్కాక బండ దగ్గరికి తేవడం. ఈగలు వాలకుండా జ్యోతిర్మయి విసనకర్రతో విసిరేది. ఆమె పెట్టకి నీళ్ళు పట్టేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అప్పలనర్సమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, ఇద్దరికీ రెండు గ్లాసుల్లో టీ తెచ్చిపెట్టేది. ఒక గ్లాసు అలాగే చల్లారిపోయేది.

పెట్ట కళ్ళు తెరిచి నూకలు పొడవడం మొదలెట్టిన రోజున ఆమె మాట్లాడింది. జ్యోతిర్మయితో కాదు, పెట్టతో. గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది. "ఝన్ రో, నోనీ. ఝన్ రో." ఏడవకే తల్లీ, ఏడవకు అని. ఇక్కడే పుట్టి పెరిగిన జ్యోతిర్మయికి ఛత్తీస్‌గఢీ తెలుసు. విసనకర్ర ఆపకుండా విన్నది.

ఆమె మాటలు ఒక వరసలో ఉండేవి కావు. జ్యోతిర్మయి తన వైపు చూస్తోందనిపిస్తే ఆగిపోయేవి. అందుకని జ్యోతిర్మయి పక్కకి తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. సుఖ్‌మతికి జ్వరం వస్తే చింతపండు పెట్టకూడదు. సుఖ్‌మతి జడకి కట్టుకునే రిబ్బన్లు సంతలో తెస్తానని చెప్పాను. కుర్రాపారాలో మా ఇంటి పైకప్పు పెంకులు కోతులు లాగేశాయి, వానలకి ముందు సర్దాలి. కోళ్ళమ్మిన డబ్బుతో సర్దాలి. సుఖ్‌మతి ఒక్కత్తే ఉంది. పొద్దుపోయింది, నేనింకా ఇంటికి వెళ్ళలేదు.

ఆ ఆఖరి మాట ఆమె రోజూ అనేది. పొద్దు ఇంకా నడినెత్తిన ఉన్నా అనేది.

ఆ సంగతి అన్నాల దగ్గర చెప్పింది జ్యోతిర్మయి. కుర్రాపారా కట్నీ లైన్లో బెల్గహనా స్టేషన్ అవతల, అడవిలో ఉంటుందని కూడా తండ్రిని అడిగి తెలుసుకుంది. వెళ్తానంది. త్రినాథరావు చెయ్యి కంచంలో ఆగింది. తెలుసుకోవడం వల్ల బరువు పెరుగుతుందే గాని తగ్గదని, తన అనుభవం అదేనని మెల్లగా నచ్చజెప్పబోయాడు.

"మీకు ఆ అనుభవం ఎక్కడుంది నాన్నా? మీరు అడగనే లేదు కదా" అంది జ్యోతిర్మయి. కోపంగా అనలేదు. ఆయన తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

"ఎల్లనీయండి. ఎవులో గుంట ఎదురు సూస్తంటాది" అంది అప్పలనర్సమ్మ.

పొద్దుటి పాసింజర్‌లో వెళ్ళింది. చిన్న స్టేషన్లో దిగి, పట్టాలు దాటి, సాలచెట్ల మధ్య కాలిబాటన నడిస్తే కుర్రాపారా వచ్చింది. బోరింగు పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. కోళ్ళమ్మే ఆమె ఇల్లెక్కడ, సుఖ్‌మతి వాళ్ళమ్మ, అని అడిగేసరికి పంపు కొడుతున్న చెయ్యి ఆగింది. ఒకామె, "మంగ్లీన్ ఇల్లా" అని గడ్డంతో ఊరి చివరి వైపు చూపించి, పక్కకి తిరిగి ఉమ్మేసింది.

సుఖ్‌మతికి పద్దెనిమిదేళ్ళుంటాయి. వాకిట్లో గుంతలోంచి మురికి నీళ్ళు ముంచి గుడ్డతో వడపోస్తోంది. బోరింగు దగ్గరికి ఆమెను రానివ్వడం లేదని ఆ గుంతని చూడగానే అర్థమైంది. అమ్మ గురించి వచ్చానని చెబితే తలెత్తకుండానే అంది, అమ్మ ఎక్కడ కాపురం పెట్టిందో తనకి చెప్పక్కర్లేదని, తనకి అమ్మ లేదని. మంగ్లీన్ ఇటుక బట్టీల మేస్త్రీతో లేచిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ వానాకాలమే అతనూ ఊళ్ళోంచి వెళ్ళాడట. అనుకున్న పెళ్ళి సంబంధం ఆ మాట మీదే చెడిపోయింది. ఊళ్ళో బావులూ పొయ్యిలూ తనకి ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఎండలు ముదరకముందే తనూ ఏదో బట్టీకి కూలికి పోవాలని అనుకుంటోంది. తీసుకెళ్ళేవాడు రేపో మాపో వస్తాడు.

జ్యోతిర్మయి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ అమ్మ మా ఇంట్లో ఉంది. సంతకెళ్తూ రైలు కింద పడింది. ఆ ఇంజిన్‌లో నేనున్నాను" అంది.

సుఖ్‌మతి చేతిలోని గుడ్డలోంచి నీళ్ళు కారిపోయాయి. పెంకులు లేని చోట కప్పులోంచి ఎండ లోపలి గోడ మీద పడి ఉంది. ఆమె ఆ ఎండ వైపే చాలాసేపు చూసింది.

"పారిపోలేదా?" అంది.

"లేదు. కోడి పడిపోతే తీసుకుంటోంది. ఇంటికెళ్ళాలి, పొద్దుపోయిందని రోజూ అంటోంది."

అప్పుడు సుఖ్‌మతి ఏడ్చింది. ఏడ్చినంతసేపూ జ్యోతిర్మయి అక్కడే కూర్చుంది. తిట్టినా కొట్టినా సరే అనుకునే కూర్చుంది. సుఖ్‌మతి తిట్టలేదు. మొహం కడుక్కుని, లోపలికి వెళ్ళొచ్చి తలుపుకి గొళ్ళెం పెట్టి, పద అంది.

బిలాస్‌పూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పలనర్సమ్మ ఆ పిల్లకి ముందు అన్నం పెట్టింది. తినకపోతే పెరట్లోకి పంపనంది. తిన్నాక చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మంగ్లీన్ బండ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పెట్ట. నెత్తి మీద కొత్త ఈకలు ముళ్ళలా మొలిచాయి. మెడ ఇంకా ఊదారంగుగానే ఉంది. సుఖ్‌మతి బండ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల్లి పాదాలు పట్టుకుంది. ఇంత చల్లగా ఉన్నాయేమిటని కూడా అడగలేదు. వేళ్ళ మధ్య ఉన్న మట్టిని కొంగుతో తుడిచింది.

"చల్ దాయీ, ఘర్ జాబో" అంది. పదమ్మా, ఇంటికి పోదాం.

మంగ్లీన్ పెట్టని చంకలో పెట్టుకుని లేచింది.

ఆ పెట్టని మళ్ళీ గుంపులో కలపాలని జ్యోతిర్మయి అంతకుముందు ఒకటి రెండుసార్లు చూసింది. మిగతావి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు అప్పలనర్సమ్మే, "తీసుకెల్లనీ. అది ఆవిడదే" అంది. తన చీరల్లో ముదురు నీలంది ఒకటి తెచ్చి, చిరిగిన ఆకుపచ్చ చీర మీంచి మంగ్లీన్ భుజాల చుట్టూ కప్పింది. సుఖ్‌మతికి రిబ్బన్లు ఇచ్చింది. ఎక్కడివని ఎవరూ అడగలేదు.

స్టేషన్ దాకా త్రినాథరావు కూడా వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద జనం మంగ్లీన్‌కి దారి వదిలారు. ఒక సైనికుడు లేచి తన సీటిచ్చాడు. బండి కదలబోతుంటే తండ్రి కోసం కిటికీలోంచి వెతికింది జ్యోతిర్మయి. ఆయన లాబీ తలుపు దగ్గర ఉన్నాడు. పంచెకట్టు ముసలాయన ఎదురుగా నిలబడి, తన చెవి ఆ ముసలాయన నోటికి దగ్గరగా పెట్టి వింటున్నాడు.

చిన్న స్టేషన్లో దిగి ఆ మలుపు దగ్గర కాలిబాట పట్టాల్ని కలిసే చోటికి వచ్చాక మంగ్లీన్ ఆగిపోయింది. సుఖ్‌మతి ముందు దాటి వెనక్కి చూసింది. రమ్మంది. మంగ్లీన్ కంకర అంచున నిలబడి కదల్లేదు. చంకలో పెట్ట రెక్కలు కొట్టుకుంది. పట్టాలు ఎండకి తళతళమంటున్నాయి. ఎక్కడా బండి చప్పుడు లేదు. సుఖ్‌మతి తిరిగొచ్చి చెయ్యి పట్టి లాగింది. ఆమె కాళ్ళు నేలలో పాతినట్టు ఉన్నాయి.

జ్యోతిర్మయి దగ్గరికెళ్ళింది. అన్ని నెలలూ వాళ్ళిద్దరూ ఒకరినొకరు తాకలేదు. మంగ్లీన్ మణికట్టు పట్టుకుంది. పుష్యమాసంలో ఏటినీళ్ళలా ఉంది.

"ఇటు చూడు" అని ఎడమవైపు చూపించింది. ఇద్దరూ చూశారు. "ఇప్పుడు అటు." అటూ చూశారు. "బండేదీ లేదు. నేను చూశాను కదా. పద."

మంగ్లీన్ తల తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది. ఇంజిన్ కిటికీలోకి చూసిన ఆ రోజు తరవాత మళ్ళీ చూడడం అదే. జ్యోతిర్మయి ఈసారి చూపు తిప్పుకోలేదు. మొదటి పట్టా దాటారు. కంకర కిర్రుమంది. రెండో పట్టా దాటారు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఉన్నారు. కొట్టు అరుగు మీద మగవాళ్ళు బీడీలు కాలుస్తున్నారు. నట్టనడి బజారున, వెలుగుండగా, మంగ్లీన్ నీలం చీర కప్పుకుని, చంకలో కోడితో, కూతురి పక్కన నడిచింది. అరుగు మీద ఒకాయన బీడీ నేలకి నొక్కి లేచి నిలబడ్డాడు. పొద్దున ఉమ్మేసిన ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. ఇంటి ముందు మంగ్లీన్ గడప మీద కూర్చుని ఒకసారి కప్పు వైపు చూసింది.

సుఖ్‌మతి బిందె తీసుకుని బోరింగు దగ్గరికి బయల్దేరింది. దూరంగా వాకిట్లోంచి జ్యోతిర్మయి చూస్తూ ఉంది. ఆడవాళ్ళు తమ బిందెలు పక్కకి జరిపారు. ఆ ఉమ్మేసిన ఆమే పంపు కొట్టింది. బిందె నిండి పొర్లేదాకా కొడుతూనే ఉంది.

ఆ వారంలో బట్టీ మేస్త్రీలు ఊళ్ళోకొచ్చి కూలీలని తీసుకెళ్ళారు. సుఖ్‌మతి వాళ్ళతో వెళ్ళలేదు.

హోలీ వెళ్ళాక జ్యోతిర్మయి బోర్డు ముందుకెళ్ళి తనకి ఇంజినే కావాలంది. తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు క్యారియర్ కట్టి ఇచ్చింది. ఇప్పపూలు రాలే కాలానికి ఆమెకి కట్నీ లైన్లోనే డ్యూటీ పడింది, అదే రమణమూర్తితో. చాలా దూరం పోయాక ఆయన మెల్లగా చెప్పాడు, కుర్రాపారా దారి దగ్గర బళ్ళు నడిపేవాళ్ళందరూ ఈమధ్య ఒక నీలం చీరామెని చూస్తున్నారని, ఆమె ఎవరి వెంటా ఇంటికి రావడం లేదని.

మలుపు వచ్చింది. జ్యోతిర్మయి హారన్ మోగించింది. చెట్ల మధ్యలోంచి కాలిబాట పట్టాల దాకా దిగే చోట, ఒకతను సైకిల్ మీద ఇప్పపూల మూట వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలొంచుకుని దూసుకొస్తున్నాడు. హారన్ మళ్ళీ మోగింది. అతనికి వినిపించలేదు. ముందు చక్రం కంకర ఎక్కింది. రమణమూర్తి చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళింది.

అతను ఆగిపోయాడు. ఎవరో వెనక్కి గుంజినట్టు, ఒక చెయ్యి గాల్లో ఉండిపోయి, సైకిల్ పక్కకి ఒరిగింది. మూట విప్పుకుని పూలు కంకర మీద చెల్లాచెదురయ్యాయి. బండి అతని ముందునుంచి వెళ్ళింది. కిటికీ అతన్ని దాటేటప్పుడు జ్యోతిర్మయి చూసింది. అతను మణికట్టుని రెండో చేత్తో రుద్దుకుంటున్నాడు, చలికి రుద్దుకున్నట్టు. అతని పక్కనే, చంకలో బూడిదరంగు పెట్టతో, బండి వెళ్ళిపోతే దాటడానికి మంగ్లీన్ నిలబడి ఉంది.